ఇన్సులిన్ దాకా

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇన్సులిన్ అన్న మాటకు 'దాకా' తోడుంటుంది. "ఇన్నాళ్లూ మాత్రలతో నెట్టుకొచ్చాడు, ఇప్పుడు ఇన్సులిన్ దాకా వచ్చింది" అంటారు. కోర్టు దాకా, కాటి దాకా అన్నప్పుడు ఉండే దిగులే ఇక్కడా ఉంటుంది. గుండె ఆపరేషన్ అంటే ఒకప్పుడు హైదరాబాదు దాకా పోవాలనేవాళ్లం. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. ఆ దాకా పోయింది గానీ ఇన్సులిన్ పక్కనున్నది మాత్రం కదల్లేదు. అందుకే గుండె ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో తండ్రి పక్కన ఇన్సులిన్ పంపు కనపడగానే, మిరప కోతలు వదిలేసి వచ్చిన కొడుకు బెంబేలెత్తుతాడు. "మా నాన్నకు షుగరే లేదు గదండీ, ఇన్సులిన్ దాకా ఎందుకొచ్చింది?" న్యాయమైన ప్రశ్న. తీరిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ముందు పేరు సంగతి. లాటిన్‌లో ఇన్సులా అంటే లంక. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి క్లోమంలో అక్కడక్కడా గుంపులు కట్టిన కణాలను చూశాడు. మన పాఠ్యపుస్తకాలు వాటిని పుటికలన్నాయి. కొల్లూరు వైపు కృష్ణ లంకలు చూసినవాణ్ణి, నాకు లంకలన్న మాటే నచ్చుతుంది. ఆ లంకల్లో ఊరే రసానికి బెల్జియం వైద్యుడు జాన్ ద మేయర్ 1909లోనే ఇన్సులిన్ అని పేరు పెట్టాడు. టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని తీసి చూపింది 1921లో. మందు కన్నా మాటే ముందు పుట్టింది. లంకలు అందరి కడుపులోనూ ఉన్నాయి. ఆ రసం షుగర్ ఉన్నవాళ్ల సొత్తు కాదు.

ఇక గుండె సంగతి. దానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాల నుంచే వస్తుంది, మిగతాది గ్లూకోజు వంటి వాటి నుంచి. చిక్కేమిటంటే, కొవ్వు నుంచి అంతే శక్తి తీయాలంటే ఆక్సిజన్ ఎక్కువ కావాలి. గుండెను ఆపి, బైపాస్ యంత్రం మీద మనిషిని నిలిపి, పని ముగిశాక మళ్లీ కొట్టించే వేళ ఆక్సిజన్‌కే కరువు. సరిగ్గా అప్పుడే కోతకు బెదిరిన శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ వదులుతుంది. కాలేయం చక్కెర కుమ్మరిస్తుంది. నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది. కణాలేమో ఇన్సులిన్ మాట వినవు. షుగర్ లేని మనిషికీ చక్కెర 200 దాటడం అందుకే. బయటి నుంచి ఇన్సులిన్ ఎక్కిస్తే కొవ్వు ఆమ్లాల ధాటి తగ్గుతుంది, గుండె కండరంలోకి గ్లూకోజు పోతుంది. దాంతోపాటు పొటాషియమూ కణాల్లోకి దూరుతుంది. నెత్తురులో అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. మాటిమాటికీ నెత్తురు తీసి చూస్తున్నారని నర్సమ్మ మీద విసుక్కోకండి, ఆమె చూసేది చక్కెర, పొటాషియం రెండింటినే.

చక్కెర ఎంతలో ఉంచాలన్న దాని మీద పెద్ద వాదే నడిచింది. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో ఆపరేషన్లయిన రోగులకు, అందులో ఎక్కువమంది గుండె రోగులే, 80–110 మధ్య బిగించి ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6కు తగ్గాయి. 2009లో ఆరువేల మందికి పైగా రోగులతో వచ్చిన నైస్-షుగర్ అధ్యయనంలో అంతే బిగింపు మరణాలను పెంచింది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల 180 దాటకుండా, మరీ కిందికి పోకుండా చూస్తారు. రొమ్ము ఎముక కోసి కట్టిన చోట చీము పట్టకుండా ఉండాలన్నా ఇది కావాలి. పత్తి బస్తా మళ్లీ ఎత్తాల్సిన మనిషికి ఆ ఎముక అతుక్కోవడం చిన్న విషయం కాదు.

షుగర్ లేనివాళ్లలో చాలామందికి ఒంటి ఒత్తిడి తగ్గాక పంపు తీసేస్తారు. అయితే తమకు షుగర్ ఉందని ఆపరేషన్‌తోనే తెలిసేవాళ్లూ ఉంటారు. ఆపరేషన్‌కు ముందు తీసిన హెచ్‌బీఏ1సీ రిపోర్టు అడిగి చూడండి. రెండు మూడు నెలల సగటు చెబుతుందది. 6.5 గానీ, అంతకు మించి గానీ ఉంటే, నాన్నకు షుగర్ ముందునుంచే ఉండి ఉంటుంది. డాక్టరు గారితో తేల్చుకోండి.