కళల గ్రాంటుకు కోత పడితే.. మీరేం చేయొచ్చు?

నగర పాలక సంస్థ ఖజానాలో డబ్బు తగ్గింది. జీతాలు, తాగునీరు, చెత్త తరలింపు ఆపలేరు. మరి దేన్ని ఆపుతారు? చాలాచోట్ల మొదట కత్తెర పడేది నాటకశాలకు, ఆర్ట్ గ్యాలరీకి, కాలనీ పిల్లలకు నృత్యం నేర్పే సంస్థకు ఇచ్చే గ్రాంటుకే. మొత్తం బడ్జెట్‌లో అది చాలా చిన్న పద్దు. కానీ దాని మీద నడిచే సంస్థకు అదే అద్దె, అదే కరెంటు బిల్లు.

ఇంగ్లండ్‌లో 2010 నుంచి ఇది పదేపదే జరుగుతోంది. కొన్ని ఊళ్లలో ప్రజలు పోరాడి సగమైనా నిలబెట్టుకున్నారు. కొన్నిచోట్ల మొత్తం పోయింది. తేడా ఎక్కడ వచ్చింది? అక్కడి అనుభవం మన మున్సిపాలిటీల విషయంలో మీకు ఎలా పనికొస్తుంది?

కళలకే ముందు కోత ఎందుకు?

ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్ల పనులు రెండు రకాలు. వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ, చెత్త సేకరణ లాంటివి చట్టప్రకారం తప్పనిసరి. గ్రంథాలయాలు నడపడం కూడా 1964 నాటి చట్టం ప్రకారం కౌన్సిళ్ల బాధ్యతే. కళలకు గ్రాంటు ఇవ్వాలని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. ఇస్తే ఇవ్వొచ్చు, మానేస్తే మానేయొచ్చు. డబ్బు తగ్గినప్పుడు అధికారుల చూపు ముందు అటే వెళ్తుంది.

2010 నవంబరులో సోమర్సెట్ కౌంటీ కౌన్సిల్ కళా సంస్థలకు ఇచ్చే సుమారు 1.6 లక్షల పౌండ్ల గ్రాంట్లను పూర్తిగా రద్దు చేసింది. అదే కౌన్సిల్ గ్రంథాలయాలకూ కోత పెట్టబోతే స్థానికులు కోర్టుకెక్కారు. పక్కనున్న గ్లాస్టర్‌షైర్‌లోనూ అంతే. 2011 నవంబరులో హైకోర్టు ఆ రెండుచోట్లా గ్రంథాలయాల కోత నిర్ణయాలను కొట్టేసింది. కోత పెట్టకూడదని కోర్టు చెప్పలేదు. బలహీన వర్గాలపై ఎలాంటి ప్రభావం పడుతుందో చట్టం కోరిన విధంగా పరిశీలించకుండా నిర్ణయం తీసుకున్నారని తప్పుబట్టింది. అంటే నిర్ణయం నచ్చలేదని కాకుండా, నిర్ణయం తీసుకున్న తీరు సరిగా లేదని నిరూపించారు కాబట్టి గెలిచారు.

న్యూకాసిల్‌లో సగం ఎలా దక్కింది?

2012 నవంబరులో న్యూకాసిల్ సిటీ కౌన్సిల్ మూడేళ్ల బడ్జెట్ ప్రతిపాదనలు బయటపెట్టింది. కళా సంస్థల గ్రాంట్లలో 100 శాతం కోత, 18 గ్రంథాలయాల్లో 10 మూత అందులో ఉన్నాయి. కేంద్రం నుంచి వచ్చే నిధులు తగ్గిపోయాయని, వృద్ధుల సంరక్షణా కళలా అంటే తాము ఏదో ఒకటి ఎంచుకోక తప్పదని కౌన్సిల్ వాదించింది.

‘బిల్లీ ఎలియట్’ సినిమా రాసిన లీ హాల్ ఆ ఊరివాడే. ఆయనతో పాటు సంగీతకారులు స్టింగ్, మార్క్ నాప్‌ఫ్లర్ లాంటి ఆ ప్రాంత ప్రముఖులు బహిరంగంగా వ్యతిరేకించారు. పేరున్నవాళ్లు మాట్లాడటంతో విషయం దేశమంతా తెలిసింది. అయితే అసలు కీలకం సమయం. అప్పటికి అది ప్రతిపాదన మాత్రమే, ఓటింగ్ 2013 మార్చిలో. మధ్యలో మూడు నెలలకు పైగా గడువు దొరికింది. చివరికి కౌన్సిల్ 100 శాతం కోతను దాదాపు 50 శాతానికి తగ్గించింది. ఏడాదికి 6 లక్షల పౌండ్లతో ఒక సాంస్కృతిక నిధి పెట్టి, దాని నిర్వహణను స్థానిక దాతృత్వ సంస్థకు అప్పగించింది.

బర్మింగ్‌హామ్‌లో ఎందుకు కుదరలేదు?

బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ 2023 సెప్టెంబరు 5న దివాలా ప్రకటన లాంటి ‘సెక్షన్ 114’ నోటీసు ఇచ్చింది. సమాన వేతన కేసుల భారమే 76 కోట్ల పౌండ్ల వరకు ఉండొచ్చని అప్పట్లో అంచనా. ఆ వెంటనే కేంద్ర ప్రభుత్వం తన కమిషనర్లను పంపింది. 2024 మార్చిలో ఆమోదించిన బడ్జెట్‌లో స్థానిక పన్ను దాదాపు 10 శాతం పెరిగింది. కళా సంస్థల గ్రాంట్లకు తొలి ఏడాది 50 శాతం, రెండో ఏడాది 100 శాతం కోత పడింది. వందేళ్లు దాటిన సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ సింఫనీ ఆర్కెస్ట్రాకూ మినహాయింపు దొరకలేదు.

ఇక్కడా నిరసనలు జరిగాయి, సంతకాలు సేకరించారు. కానీ కార్పొరేటర్ల చేతులు అప్పటికే కట్టేసి ఉన్నాయి. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వారిపైనే ఒత్తిడి పని చేస్తుంది.

సఫోక్ కౌంటీది మరో రకం అనుభవం. కళా సంస్థలు, మ్యూజియంలకు ఏటా ఇచ్చే సుమారు 5 లక్షల పౌండ్లను ఆపేస్తామని 2024 జనవరిలో ప్రకటించారు. వ్యతిరేకత రావడంతో దాదాపు అంతే మొత్తంతో నిధి ఏర్పాటు చేస్తామన్నారు. అయితే అది ప్రాజెక్టుల వారీగా ఇచ్చే డబ్బు. కొత్త కార్యక్రమం పెడితేనే వస్తుంది. ఏడాది పొడవునా అయ్యే అద్దె, జీతాలకు అక్కరకు రాదు. కాబట్టి ‘నిధులు కొనసాగిస్తాం’ అని ఎవరైనా అంటే, ఏ రూపంలో అని కూడా అడగాలి.

మన దగ్గర పరిస్థితేంటి?

74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. వాటిలో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం. అంటే కళలు మున్సిపాలిటీ పని కాదనే మాట చెల్లదు. అలాగని ఇంత ఖర్చు చేసి తీరాలన్న నిబంధన కూడా ఇందులో లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న బలహీనతే ఇక్కడా ఉంది.

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం నగర పాలక సంస్థలవే. ఇలాంటి చోట్ల ‘కోత’ అనే మాట వినిపించకపోవచ్చు. హాలు అద్దె పెరగడం, మరమ్మతుల పేరుతో నెలల తరబడి మూతపడటం, బడ్జెట్‌లో రాసిన మొత్తం విడుదల కాకపోవడం.. ఇవన్నీ కోత కిందే లెక్క. చిన్న నాటక సమాజానికి, హరికథ కళాకారుడికి ఆ హాలు అందకుండా పోతే గ్రాంటు పోయినట్టే.

గ్రంథాలయ సెస్సు కథ కూడా తెలుసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ మీరు కట్టే ఆస్తి పన్నుపై 8 శాతం గ్రంథాలయాల కోసం వసూలవుతుంది. దాన్ని స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. సకాలంలో జమ కాక బకాయిలు పేరుకుపోతున్నాయన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉంది. చట్టం ప్రకారం విడిగా వసూలు చేసిన డబ్బుకే ఈ గతి పడితే, ఏ రక్షణా లేని కళల పద్దు గురించి ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి.

మీరు ఏం చేయొచ్చు?

1. తేదీలు చూసుకోండి. కార్పొరేషన్లలో బడ్జెట్ కసరత్తు సాధారణంగా నవంబరులో మొదలై, ఫిబ్రవరి, మార్చి నాటికి ఆమోదం పొందుతుంది. ఆమోదం అయ్యాక ధర్నా చేస్తే వచ్చే ఏడాదికి పనికొస్తుందేమో కానీ ఈ ఏడాదికి కాదు.

2. లెక్కలు తీయండి. సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ వివరాలు అడగండి: గత ఐదేళ్లలో సాంస్కృతిక కార్యక్రమాలకు కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత? కళాక్షేత్రం అద్దెల ఆదాయం ఎంత, నిర్వహణ ఖర్చు ఎంత? గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు?

3. నిర్ణయం ఎవరిదో తెలుసుకోండి. పాలక మండలి ఉంటే మీ కార్పొరేటర్, స్టాండింగ్ కమిటీ, మేయర్. లేకపోతే ప్రత్యేకాధికారి. హాలు రాష్ట్ర ప్రభుత్వానిదైతే మున్సిపాలిటీ ముందు ధర్నా చేసి లాభం లేదు. హైదరాబాద్‌లోని రవీంద్రభారతి ఇందుకు ఉదాహరణ. అది భాషా సాంస్కృతిక శాఖ పరిధిలో ఉంది.

4. రాతపూర్వకంగా అడగండి. కలెక్టరేట్లలో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో (తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక) వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు 15 మంది చొప్పున యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలంటోంది. మీ వార్డులో అవి సమావేశమవుతున్నాయా అని అడగండి.

5. ‘కళలను కాపాడండి’ అని మాత్రమే రాయకండి. ఎంత మంది పిల్లలు నేర్చుకుంటున్నారు, ఏడాదికి ఎన్ని ప్రదర్శనలు, ఎంత మందికి ఉపాధి అన్నది మీ సంస్థ రికార్డుల నుంచే తీసి చూపండి. సంపన్నులు ఫీజు కట్టి వేరేచోట నేర్చుకోగలరు. ఆ అవకాశం లేని పిల్లలు ఎందరో ప్రత్యేకంగా రాయండి.

6. ఇంకొకరి పద్దు మీద వేలు చూపకండి. పింఛన్లా, నాటకాలా అన్న చర్చలో కళలు గెలవవు. అద్దెలో రాయితీ, ఖాళీగా ఉండే రోజుల్లో స్థానిక సమాజాలకు హాలు, కోతను రెండు మూడేళ్లకు విడతలుగా మార్చడం లాంటి ప్రత్యామ్నాయాలు మీరే చూపండి. సగం దిగిరావడానికి అవతలివాళ్లకు ఒక దారి ఉండాలి.

ఈ ఏడాది మీ ఊళ్లో ఏ కోతా లేకపోయినా రెండో అంశంలోని దరఖాస్తు ఇప్పుడే పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. రేపు ఎవరైనా ‘ఎప్పుడూ ఇంతే ఇస్తున్నాం’ అంటే, చూపించడానికి పాత లెక్క మీ దగ్గర ఉంటుంది.