దారి మళ్ళిన విమానములు
హైదరాబాదు నుండి కర్నూలు పోవు బస్సు ఇంజను వేడెక్కినచో, కొత్తకోట వద్ద ఆపి రేడియేటరులో నీరు పోసికొనవచ్చును. ఆకాశమున అట్టి వీలు లేదు. కావుననే 1953లో అమెరికాలో, రెండింజనుల విమానము ఒక్క ఇంజనుతోనైనను 60 నిమిషములలో ఏదో ఒక విమానాశ్రయము చేరగల దారిలోనే పోవలెనని నియమమేర్పడినది. ఇంజనులు నమ్మదగినవగుటచే 1985లో కొన్నింటికి ఆ గడువు 120 నిమిషములైనది.

2022 జూలై 5న ఢిల్లీ నుండి దుబాయి పోవు విమానములో ఎడమ టాంకు ఇంధనము అసాధారణముగా తరుగుచున్నట్లు సూచిక చూపెను. పైలట్లు కరాచీలో దింపిరి. పరీక్షింపగా ఇంధనము కారుట కానరాలేదు. జూలై 17న షార్జా నుండి హైదరాబాదు వచ్చు విమానమును కూడ, లోపమున్నదని తోచగా, కరాచీకే మళ్ళించిరి. తప్పు టాంకుదా, సూచికదా అనునది నేలపై తేల్చుకొనవలసినదే గాని గాలిలో కాదు.