చూడి గొర్రెల పోషణ

కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని కైరుప్పల అనగానే బయటివాళ్లకు ఉగాది మరునాటి పిడకల సమరమే గుర్తొస్తుంది. కానీ ఆ ఊరున్న ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల మెట్ట సీమలో గొర్రెలూ పాత జీవనాధారమే. పొరుగునున్న బళ్లారి పేరుతో పిలిచే జాతి ఈ ఎండలకు తట్టుకుంటుంది.

ఆడ గొర్రె సుమారు 17 రోజులకోసారి ఎదకు వస్తుంది. పొట్టేలును కలిపే 2, 3 వారాల ముందు నుంచి రోజుకు 200-250 గ్రాముల దాణా పెడితే అండాల విడుదల పెరుగుతుంది. బక్క గొర్రెల్లో ఆ తేడా మరీ స్పష్టం. చూడి కాలం దాదాపు 150 రోజులు. మొదటి మూడు నెలలు మంచి మేపుతో గడిచిపోతాయి. అసలు చిక్కు చివరి ఆరు వారాలదే. పిల్ల బరువులో సుమారు మూడింట రెండు వంతులు అప్పుడే పెరుగుతుంది. గర్భసంచి పొట్టను నొక్కేయడంతో తల్లి తినగలిగేది మాత్రం తగ్గుతుంది. వట్టి జొన్న చొప్ప చాలదు, నలగ్గొట్టిన గింజలు, వేరుశనగ చెక్క తోడవ్వాలి. లేకపోతే, ముఖ్యంగా కవలలు మోసే తల్లి, ఒంటి కొవ్వు కరిగించుకుంటుంది. రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. మందకు దూరంగా నిలబడడం, పళ్లు నూరడం, చూపు ఆననట్టు తడబడడం దీని గుర్తులు. కాపరి కన్నే ముందు పసిగడుతుంది.

మాయ గుండా రోగనిరోధక ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు. అందుకే అవి ఉండే జున్నుపాలను ఈనిన గంట, రెండు గంటల్లోపే తాగించాలి.