నీటి మీది ఊరు, పడవలో అంగడి

బ్రూనై రాజధాని బందర్ సెరీ బెగవాన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బంగారు గుమ్మటం ఉన్న తెల్లని మసీదు. ఆ మసీదు 1958లో పూర్తయింది. దాని పక్కనే నది మీద కర్రల స్తంభాలపై నిలబడి ఉన్న ఊరు దానికన్నా కొన్ని వందల ఏళ్లు పెద్దది. పేరు కాంపుంగ్ ఆయర్. మలయ్ భాషలో 'నీటి ఊరు' అని అర్థం.

నిజానికి ఇది ఒక్క ఊరు కాదు, చిన్న చిన్న ఊళ్ల గుంపు. చేపలు పట్టేవాళ్లు, కమ్మరులు, నేతగాళ్లు ఇలా ఒక్కో పనివాళ్లు ఒక్కోచోట ఉండేవారు. కమ్మరుల పేటకు పండాయ్ బెసి అన్న పేరు ఇప్పటికీ ఉంది. ఆడవాళ్లు ఇంట్లోనే మగ్గం మీద జరీతో జోంగ్ సరాత్ బట్ట నేసేవారు. ఇళ్ల మధ్య రోడ్లుండవు, చెక్క వంతెనలే వీధులు. కారు, స్కూటరు మాటే లేదు. అవతలి ఒడ్డుకు పోవడానికి పడవ ఎక్కుతారు. బడి, మసీదు, అగ్నిమాపక కేంద్రం కూడా నీటి మీదే. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక అక్కడివాళ్లకు నిప్పంటే చాలా భయం.

నీటి మీద ఎందుకు కట్టుకున్నారు? సరుకుల ఓడలు వచ్చేది నది మీదనే, చేపలు దొరికేదీ అక్కడే. గాలి చల్లగా తగులుతుంది. రోజూ వచ్చిపోయే పోటు ఇంటి కింద చెత్తను తీసుకుపోతుంది. అక్కడ ఇల్లు నడిపే ఇల్లాలు గడియారంతో పాటు పోటుపాట్లు కూడా చూసుకోవాలి.

1521లో మెగెల్లాన్ నౌకాదళం ఇక్కడికి చేరింది. అప్పటికి మెగెల్లాన్ చనిపోయాడు. ఆ ఓడల్లో ఉన్న ఇటలీవాడు పిగాఫెట్టా ఊరి పెద్దతనాన్ని పొయ్యిల లెక్కలో రాశాడు: 25 వేల పొయ్యిలు! లెక్క కాస్త ఎక్కువే కావచ్చు. అయినా ఊరిని వంటింటితో కొలవడం నాకు భలే నచ్చింది. ఆయన ఇంకో ముక్క కూడా రాశాడు. పోటు వచ్చినప్పుడు ఆడవాళ్లు పడవల్లో తిరుగుతూ ఇంటికి కావాల్సిన సరుకులు అమ్ముతారట.

ఆ ఆడవాళ్లను పడియాన్ అంటారు. చేపలు, కూరలు, పళ్లు పడవలో పెట్టుకుని, పెద్ద ఆకు టోపీ నెత్తిన పెట్టుకుని, ఇంటి మెట్ల దగ్గరికే వచ్చేవారు. మన వీధిలో గంప దించి కేకేసే చేపలామె లాంటివాళ్లే, కాకపోతే వీళ్ల వీధి నీళ్లు. పిగాఫెట్టా వచ్చిన మూడు వందల ఏళ్ల తర్వాత, 19వ శతాబ్దం మధ్యలో అక్కడ పనిచేసిన బ్రిటిష్ కాన్సల్ స్పెన్సర్ సెయింట్ జాన్ కూడా ఆ పడవల సంతను, ఆ పెద్ద టోపీలను వర్ణించాడు. అంటే తరాల తరబడి ఊరికి తిండి అందించినవాళ్లలో ఈ ఆడవాళ్లు ఉన్నారన్నమాట. సుల్తానుల పేర్లు వరసగా దొరుకుతాయి. పడియాన్ల పేర్లు మాత్రం ఈ ఇద్దరూ రాయలేదు.

1906లో బ్రిటిష్ రెసిడెంట్ వచ్చాడు. నీటి మీద బతుకు ఆరోగ్యానికి మంచిది కాదని, జనం ఒడ్డు మీదికి రావాలని ప్రోత్సహించారు. సుల్తాన్ నివాసం కూడా ఒడ్డుకు మారింది. 1929లో సెరియాలో చమురు పడింది. ఉద్యోగాలు, రోడ్లు, దుకాణాలు వచ్చాయి. 1950లలో ప్రభుత్వం నేల మీద స్థలాలిచ్చి చాలా కుటుంబాలను తరలించింది. దుకాణం దగ్గరైన కొద్దీ పడియాన్ పడవ అవసరం తగ్గిపోయింది.

వాళ్ల మనవరాళ్లు చదువుకుని ఉద్యోగాలు చేయడం మంచిదే. ఎండలో తెడ్డు వేసే కష్టం మళ్లీ రావాలని ఎవరం కోరుకోం. కానీ ఆ పడవతో పాటు ఒక ఆడమనిషి చేతిలోని సొంత డబ్బు, ఇంటింటి కబురు, ఎవరింట్లో ఏం లోటుందో తెలిసిన చూపు కూడా పోయాయి. వాటి స్థానంలో ఏం వచ్చిందన్నది ఆలోచించాల్సిన విషయం.

మీరు వెళితే కొన్ని మాటలు. ఫొటోలకు పోటు సమయం బాగుంటుంది, ఇళ్ల నీడలు నీళ్లలో పడతాయి. పాటు సమయంలో బురద, స్తంభాలు కనిపిస్తాయి. అదీ తీయండి, ఊరు దేని మీద నిలబడిందో అప్పుడే తెలుస్తుంది. వంతెన పక్కనున్నది ఎవరిదో వసారా, ఆరేసినవి ఎవరివో బట్టలు, కాబట్టి అడగకుండా కెమెరా ఎత్తకండి. 2009లో తెరిచిన గ్యాలరీలో ఊరి చరిత్ర చూడొచ్చు.

ఎవరైనా పెద్దావిడ మాట కలిపితే మాత్రం ఫొటో పక్కన పెట్టి, వాళ్లమ్మ సరుకులు ఎవరి దగ్గర కొనేదో అడగండి. ఆవిడ ఒక పేరు చెబితే రాసిపెట్టుకోండి.