వంశపారంపర్య అధిక కొలెస్టరాల్ - ప్రకృతి చికిత్స

వంశపారంపర్య అధిక కొలెస్టరాల్ అనేది రక్తంలో ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ పుట్టుకనుండే హెచ్చుగా ఉండే జన్యు వ్యాధి. ఎక్కువమందిలో 19వ క్రోమోజోముపై గల ఎల్‌డీఎల్ గ్రాహక జన్యువులోని లోపం వలన కాలేయం ఈ కొలెస్టరాల్‌ను తగినంతగా తొలగించలేదు. చికిత్స లేనిచో నడివయసులోనే, కొందరిలో అంతకు ముందే, గుండెపోటు రావచ్చు. రోగి సంతానంలో ఒక్కొక్కరికి ఇది సంక్రమించే అవకాశం 50 శాతం.

ఆహార నియమం, వ్యాయామం మేలు చేసేవే కాని జన్యులోపాన్ని సరిచేయలేవు. ఇసబ్గోల్, ఓట్స్‌లోని కరిగే పీచు ఎల్‌డీఎల్‌ను కొద్ది శాతమే తగ్గిస్తుంది. ఈ రోగులకు తరచుగా సగానికి సగం తగ్గవలసి ఉంటుంది. కావున ఇవి స్టాటిన్ మందులకు తోడే గాని బదులు కావు. ఆయుర్వేదంలో ప్రసిద్ధమైన గుగ్గులు, సాధారణ అధిక కొలెస్టరాల్ గలవారిపై అమెరికాలో జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో ఎల్‌డీఎల్‌ను తగ్గించకపోగా స్వల్పంగా పెంచింది. ఎర్ర ఈస్టు బియ్యంలోని మొనాకొలిన్-కె, లోవాస్టాటిన్ మందు ఒకే రసాయనం. "సహజమైనదే కదా" అని వైద్యునికి తెలుపక స్టాటిన్‌తో కలిపి వాడితే కండరాలకు హాని కలుగవచ్చు.