డీజిల్‌లో గంధకం – పంపుకు కావలసిన జిడ్డు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నాకు తెలిసింది ఇంజన్లు, పంపులే కదా, వాటి గురించి ఏం వ్రాయాలి అనుకున్నాను. అయితే మన సర్వీసు కాలంలోనే డీజిల్ ఎంతగా మారిపోయిందో మన పిల్లలకు తెలియదు. ఆ చరిత్రతో పాటు, నా మనసులో చాలాకాలంగా ఉన్న ఒక తప్పును కూడా ఇక్కడ చెప్పుకోవాలని ఉంది.

రిటైరైన తర్వాత నేను పహాడీ షరీఫ్ దగ్గర ఉంటున్నాను. ఒక పక్క గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ గారి దర్గా, మరో పక్క 2008 మార్చిలో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం, నడుమ శ్రీశైలం రోడ్డు. పొద్దున వాకింగ్‌కు వెళితే లారీలు వరుసగా పోతుంటాయి. మన కాలంలో లారీ వెళ్ళిన తర్వాత నల్లటి పొగ, ముక్కుపుటాలు మండించే వాసన మిగిలేవి. ఆ మంటకు ఒక కారణం గంధకం.

1990ల తొలి సంవత్సరాల వరకు మన డీజిల్‌లో గంధకం 1 శాతం దాకా ఉండవచ్చు. లెక్క వేసి చూడండి: వంద లీటర్ల డీజిల్ సుమారు 83 కిలోలు. అందులో గంధకం 800 గ్రాములకు పైమాటే! అది మండి వాయువై, తేమతో కలిస్తే గంధకామ్లం అవుతుంది. సిలిండర్ లైనర్లు, రింగులు తినేసేది ఆ ఆమ్లమే. దాన్ని విరిచేందుకే ఇంజన్ ఆయిల్‌లో క్షార గుణం గల మందులు కలుపుతారు. ఆ క్షారం ఎంత మిగిలిందో చెప్పే సంఖ్యనే టి.బి.ఎన్. అంటారు. గంధకం ఎక్కువైతే క్షారం త్వరగా అయిపోతుంది, ఆయిల్ త్వరగా మార్చాలి.

1996లో నాలుగు మహానగరాలలోనూ, తాజ్‌మహల్ పరిసరాలలోనూ గంధకాన్ని 0.5 శాతానికి తగ్గించారు. 2000 నాటికి దేశమంతటా 0.25 శాతం అయింది. మాషేల్కర్ కమిటీ సిఫారసులపై 2003లో ఆటో ఇంధన విధానం వచ్చింది. 2005 ఏప్రిల్ 1 నుండి హైదరాబాద్‌తో సహా 11 నగరాలలో 350 పి.పి.ఎం., మిగతా దేశంలో 500 పి.పి.ఎం. అయింది. పి.పి.ఎం. అంటే పది లక్షల భాగాలలో ఒక భాగం. అంటే మన శ్రీశైలం రోడ్డు మీద పోయే లారీకి నగరంలో ఒక డీజిల్, కల్వకుర్తిలో ఇంకొక డీజిల్! 2010లో హైదరాబాద్‌కు 50 పి.పి.ఎం. వచ్చింది, 2017లో దేశమంతటికీ అదే అయింది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 కింద 10 పి.పి.ఎం. ఇప్పుడు వంద లీటర్లలో గంధకం ఒక గ్రాము కూడా లేదు.

ఇక పంపు సంగతి. లారీ ఇంజన్‌కు ఆయిల్ వేరే ఉంటుంది గానీ, ఇంజెక్షన్ పంపులో ప్లంజరుకు, బారెల్‌కు మధ్య ఆయిల్ అందదు. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. అక్కడ ఒరిపిడి తగ్గించేది డీజిల్‌లోని జిడ్డు గుణమే. రోటరీ పంపులైతే మొత్తంగా డీజిల్ మీదే ఆధారపడతాయి.

గంధకం తగ్గుతుందనగానే మన పాత మెకానిక్‌లు "గంధకం పోతే పంపు పోయినట్టే" అనేవారు. నేనూ నమ్మాను. 2003లో ఒక శిక్షణ తరగతిలో అసలు విషయం తెలిసింది. జిడ్డునిచ్చేది గంధకం కాదు. డీజిల్‌లో సహజంగా ఉండే ఆక్సిజన్, నత్రజని కలిగిన కొన్ని పదార్థాలు లోహానికి అతుక్కుని పలుచని పొరగా నిలుస్తాయి. రిఫైనరీలో అధిక పీడనంలో హైడ్రోజన్ పంపి గంధకాన్ని తీసేటప్పుడు అవి కూడా పోతాయి. 1991లో స్వీడన్ 10 పి.పి.ఎం. డీజిల్ తెచ్చినప్పుడు అక్కడ పంపులు అరిగిపోయాయి. అంతకు ముందే, 1960లలో, శుద్ధి ఎక్కువైన విమాన ఇంధనంతోనూ ఇదే ఇబ్బంది వచ్చింది. మందు ఏమిటంటే, జిడ్డునిచ్చే పదార్థాన్ని కొద్ది మోతాదులో రిఫైనరీవారే కలపడం. దానికి పరీక్ష కూడా ఉంది. 60 డిగ్రీల వేడి డీజిల్‌లో చిన్న ఉక్కు గుండును ఉక్కు పలక మీద 75 నిమిషాలు రుద్దుతారు. గుండు మీద అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. అంటే అర మిల్లీమీటరు కన్నా తక్కువ.

ఆ తరగతిలో అరిగిన ప్లంజర్ల ఫొటోలు చూపించారు. నీళ్ళు చేరిన పంపులో తుప్పు చుక్కలు ఉంటాయి. జిడ్డు చాలని పంపులో పొడవునా గీతలు ఉంటాయి. ఆ రెండో ఫొటో చూడగానే నా గుండె ఆగినంత పనైంది.

సుమారు ఎనిమిదేళ్ళ క్రితం ఒక లారీ శ్రీశైలం ఘాట్‌లో ఆగిపోయింది. పంపు విప్పింది నేనే. ప్లంజరు పట్టేసి ఉంది, పొడవునా గీతలు. దారిలో ఒక బంకులో డీజిల్ పోయించానని, ఆ తర్వాతే బండి సప్పుడు మారిందని డ్రైవరు చెప్పాడు. ఆ రోజుల్లో డీజిల్‌లో కిరసనాయిలు కలపడం మామూలే. అది పలుచన, జిడ్డు తక్కువ. నేను అతని మాట వినలేదు. "ఫిల్టరులో నీళ్ళు తీయలేదు, డ్రైవరు అశ్రద్ధ" అని వ్రాసి సంతకం పెట్టాను. తుప్పు చుక్క ఒక్కటి కూడా లేదు. అయినా అలాగే వ్రాశాను. అతని జీతంలో కోత పడింది, ఇంక్రిమెంటు ఆగింది.

తరగతి ముగిసిన వారమే అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అప్పటికే రిటైరయ్యాడు. పహాడీ షరీఫ్ దగ్గరే ఇల్లు. విషయమంతా చెప్పి క్షమించమన్నాను. చాయ్ పోయించి, కాసేపటికి అన్నాడు: "నేను అప్పుడే చెప్పిన గద సారూ. మీరు కాయితం చూసిన్రు, నేను బండి సప్పుడు విన్న." పై అధికారులకు నా తప్పు ఒప్పుకుంటూ కాగితం పెట్టాను. పాత ఫైలు తెరవడం కుదరదని జవాబు వచ్చింది. ఆ ఇంక్రిమెంటు లోటు అతని పెన్షన్‌లో చివరిదాకా ఉండిపోయింది. ఇంక్రిమెంటు విలువ పెన్షనర్లకు నేను చెప్పనవసరం లేదు.

చివరగా మన పిల్లలకు రెండు మాటలు. భారత్ స్టేజ్ 6 డీజిల్ బండి ట్యాంకులో జిడ్డు కోసమని ఇంజన్ ఆయిల్ గానీ, టూటీ ఆయిల్ గానీ పోయకండి. జిడ్డు మందు ముందే కలిపి ఉంటుంది. మీరు పోసే ఆయిల్ బూడిదై పొగగొట్టంలోని ఫిల్టరును మూసేస్తుంది. ఇంజన్ ఆయిల్ కూడా బండి పుస్తకంలో వ్రాసిన తక్కువ బూడిద రకమే వాడండి. ఇంట్లో మిగిలిన పాత డబ్బా పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యం, బండి నడిపేవాడు సప్పుడు మారిందంటే ఒకసారి ఆగి వినండి.