ఒకే ఇంటిపేరు, రెండు నదులు

నాగార్జునసాగర్ జలాశయంలో వల వేసేవారికి పలుచని వెండిరంగు చేప ఒకటి తగులుతుంది. పక్క నుంచి చూస్తే కత్తి అలుగులా ఉంటుంది. పొట్ట కింద మొదలైన రెక్క తోక చివరిదాకా ఆగకుండా సాగుతుంది. వెన్ను మీద మాత్రం ఈకంత రెక్క ఒక్కటే. శాస్త్రం దీన్ని నోటోప్టెరస్ అంటుంది. అమెజాన్ కరెంటు చేపకూ దీనికీ ఒకప్పుడు ఒకే ఇంటిపేరు ఉండేది. కృష్ణా చేపల చరిత్రలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న సంగతి మరొకటి లేదు.

1766లో స్వీడన్ పండితుడు లినేయస్ దక్షిణ అమెరికా ఎలక్ట్రిక్ ఈల్‌కు జిమ్నోటస్ ఎలక్ట్రికస్ అని పేరు పెట్టాడు. జిమ్నోటస్ అంటే వీపున రెక్క లేనిది. 1769లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పల్లాస్ మన చేపనూ ఆ ప్రజాతిలోనే చేర్చి జిమ్నోటస్ నోటోప్టెరస్ అన్నాడు. నోటోప్టెరస్ అంటే వీపున రెక్క ఉన్నది! పేరులోని రెండు సగాలూ ఒకదాన్నొకటి కాదంటున్నా, పొట్ట కింది పొడవాటి రెక్క పోలికే నెగ్గింది. అందుకు ఆ పండితులను తప్పుపట్టలేం. సముద్రాలు దాటి వచ్చిన నిర్జీవ నమూనాలను చూసి వంశం తేల్చాల్సిన కాలం అది.

1800లో ఫ్రాన్స్‌కు చెందిన లాసెపేద్ మన చేపకు వేరే ప్రజాతి కట్టాడు. 1864లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు థియోడర్ గిల్ కరెంటు చేపను ఎలక్ట్రోఫోరస్‌గా విడదీశాడు.

అసలు చుట్టరికాలు ఆ తర్వాత బయటపడ్డాయి. పేరుకు ఈల్ అయినా కరెంటు చేప మలుగుపాముల జాతి కాదు. మహబూబ్‌నగర్ చెరువుల్లో దొరికే జెల్ల, వాలుగ, మార్పు దానికి దగ్గరి బంధువులు. బురదనీటిలో జెల్లకు మీసాలతోపాటు మరో ఆసరా ఉంది. ఎర ఒంటినుంచి వచ్చే అతి సన్నని విద్యుత్తును దాని చర్మం పసిగడుతుంది. కరెంటు చేపకూ ఆ శక్తి ఉంది. పైగా కండరాల నుంచి రూపాంతరం చెందిన కణాలతో అది తానే కరెంటు పుట్టిస్తుంది. ఇక నోటోప్టెరస్ చుట్టాల్లో అమెజాన్‌లోని భారీ చేప అరపైమా ఒకటి. కృష్ణా చేప బంధువు అమెజాన్‌లో, అమెజాన్ చేప బంధువులు కృష్ణాలో!

పోలిక రెక్కతో ఆగలేదు. ప్రాణవాయువు తక్కువైన నీటిలో రెండూ పైకొచ్చి గాలి పీలుస్తాయి. నోటోప్టెరస్‌కు ఆ పని గాలితిత్తి చేస్తే, కరెంటు చేపకు నోటి లోపలి పొర చేస్తుంది.

రెండున్నర శతాబ్దాలు ఒకే జాతి అనుకున్న కరెంటు చేపల్లో మూడు జాతులున్నాయని 2019లో డేవిడ్ డి సాంటానా బృందం తేల్చింది. గయానా రాతిసీమది ఎలక్ట్రికస్. అమెజాన్ పల్లపు నీళ్లది వారీ. ఈ పేరు చేపల శాస్త్రజ్ఞుడు రిచర్డ్ వారీ గౌరవార్థం పెట్టింది. బ్రెజిల్ రాతిసీమది వోల్టాయి. దాని నుంచి 860 వోల్టులు నమోదయ్యాయి. ఏ జంతువులోనూ అంతకుముందు అంత కొలవలేదు. పాత రాతినేల మీది ఆ నీటిలో లవణాలు తక్కువ, విద్యుత్తు తేలిగ్గా పారదు. అందుకే దానికి అంత వోల్టేజీ అవసరమై ఉంటుందని ఆ బృందం అంచనా. రాతి గుణం నీటికి ఎక్కుతుందనీ, నీటి గుణం ఒంటికి ఎక్కుతుందనీ ఫ్లోరైడ్‌తో తరాల పాటు కష్టపడిన నల్లగొండకు వేరే చెప్పాలా?